ఫొటో కింద పేరు

ఆషాఢం, మౌఢ్యం, శూన్యమాసం ఎప్పుడు వస్తాయో పంచాంగంలో పురోహితుల తరువాత అంత జాగ్రత్తగా వెదికేది ఫొటోగ్రాఫర్లే. ముహూర్తాలున్న నెలల్లో వచ్చే పెళ్లి ఆర్డర్ల డబ్బే ముహూర్తాలు లేని నెలల్లో ఇల్లు నడుపుతుంది. కెమెరాలు కొనేదీ అదే డబ్బు. ఎవరూ అడగకపోయినా ఏటా గుంటూరు, పల్నాడు మిరప కల్లాలకు వెళ్లి నేను తీసుకునే ఫొటోలకు బస్సు చార్జీలు పెట్టేదీ అదే డబ్బు. ఏ పత్రికలోనూ, ఏ స్టూడియోలోనూ జీతానికి కుదరని ఫొటోగ్రాఫర్ పరికరాల కోసం, పనుల కోసం, గుర్తింపు కోసం ఎలా తిరుగుతాడో, ఆ మూడింటిలో దేనికి ఎంత విలువ ఇవ్వవచ్చునో నాకు అర్థమైనంత మేరకు రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే కుర్రవాళ్లు అందరూ ఏ కెమెరా కొనాలి అని అడుగుతారు. తీసిన ఫొటో మీద హక్కు ఎవరిది అని అడిగినవారు ఇంతవరకు నాకు తారసపడలేదు. ముందు అడగవలసింది రెండో ప్రశ్నే అని నా అభిప్రాయం. అయినా అందరూ మొదలుపెట్టే చోటు కెమెరాయే కనుక నేనూ అక్కడి నుంచే వస్తాను.

నా మొదటి సొంత కెమెరా హైదరాబాదు కోఠిలో సెకండ్ హ్యాండ్‌కు కొన్న నికాన్ డి90. 2008లో విడుదలైన ఆ మోడల్‌కు వీడియో తీయగలిగిన తొలి డీఎస్ఎల్ఆర్ అన్న పేరుంది కానీ, నేను దాన్ని కోరుకున్నది అందుకు కాదు. నికాన్ పాత ‘డి’ రకం లెన్సులలో ఫోకస్ మోటారు ఉండదు. కెమెరా బాడీ లోపలి మోటారే వాటిని తిప్పాలి. డి3000, డి5000 వరుసల్లోని చవక బాడీలలో ఆ మోటారు లేదు, డి90లో ఉంది. అందువల్ల బాడీకి కొంచెం ఎక్కువ పెట్టినా, అప్పట్లో తక్కువ ధరకు దొరికే 50 ఎంఎం ఎఫ్/1.8 డి లెన్సుతో పని గడిచిపోయేది. చవక బాడీ కొని, ఆ పైన ఇదే లెన్సును తెచ్చుకుని, ఆటోఫోకస్ పనిచేయడం లేదని దుకాణదారుతో తగవు పెట్టుకున్నవారిని చాలామందిని చూశాను. డి90లో వెలుతురును పట్టే పలక, అంటే సెన్సరు, చిన్నది కాబట్టి 50 ఎంఎం లెన్సు దాని మీద 75 ఎంఎం లెన్సు చూపించినంత మేరకే చూపిస్తుంది. ముఖచిత్రాలకు అది చక్కగా అమరుతుంది గానీ, పెళ్లివారి విడిది గదిలో పదిమందిని ఒకే ఫొటోలోకి తేవాలంటే వీపు గోడకు ఆనించినా చోటు చాలదు.

సెకండ్ హ్యాండ్ బాడీ కొనేటప్పుడు పైపై మెరుపు చూసి మోసపోకూడదు. షట్టర్ ఎన్నిసార్లు పడిందో నికాన్ కెమెరా తీసిన ప్రతి ఫైలులోనూ నమోదవుతుంది. ఒక ఫొటో తీసి, దాన్ని కంప్యూటర్‌లో పరీక్షిస్తే లెక్క తెలిసిపోతుంది. డి90 షట్టర్‌ను లక్ష సార్ల వరకు పరీక్షించినట్టు కంపెనీ ప్రకటించింది. మూడు రోజుల పెళ్లికి వేలల్లో ఫొటోలు తీసే మన దగ్గర, రెండు మూడు సీజన్లు పెళ్లిళ్లలో తిరిగిన బాడీ ఆ అంకెకు చేరువైపోతుంది. లెన్సునైతే వెనుక నుంచి టార్చి వేసి చూడాలి. సాలెగూడులా సన్నని దారాలు కనిపిస్తే అది ఫంగస్. ఎంత తక్కువ ధర చెప్పినా వదిలేయడమే మంచిది. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ కనుక ఇది విశాఖలోనైనా, గుంటూరులోనైనా అందరికీ ఉన్న బెడదే. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులు, తేమ కొలిచే చిన్న మీటరు పెట్టి, తేమ నలభై నుంచి యాభై శాతం మధ్య ఉండేలా చూసుకుంటే ఖరీదైన డ్రై క్యాబినెట్ కొనలేనివారికీ లెన్సులు దక్కుతాయి.

పెళ్లిలో మళ్లీ ఒకసారి చేయండి అని అడగలేని ఘట్టాలు ఉంటాయి. అడ్డుతెర చాటున వధూవరులు ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టే ఘడియ ఒకటి, మాంగల్యధారణ మరొకటి. అప్పుడు మండపం చుట్టూ బంధువులు మూగుతారు, అక్షతలు లెన్సు మీద పడుతుంటాయి, వీడియో వారి ఎల్ఈడీ లైట్లు ఒక రంగులో, వేదిక వెనుక ఎల్ఈడీ తెర మరొక రంగులో వెలుగుతుంటాయి. శబ్దం రాదు కదా అని కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలో ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టుకుంటే, ఆ లైట్ల మిణుకు ఫొటో మీద అడ్డగీతలై కూర్చుంటుంది. అటువంటి చోట మెకానికల్ షట్టరే శరణ్యం. నేను తరువాత నికాన్ డి750కి మారినప్పుడు దాని పెద్ద సెన్సరు గురించి మిత్రులు చాలా మాట్లాడారు. నేను మాత్రం అందులోని రెండు కార్డు స్లాట్ల కోసం కొన్నాను. ఒకే ఫొటో రెండు కార్డుల్లోనూ పడుతుంది. ఒకటి చెడినా ఆడపిల్ల తండ్రికి ముఖం చూపించగలుగుతాము. కెమెరాల గురించి జరిగే వాదోపవాదాలలో ఈ స్లాట్ల మాట ఎందుకో ఎప్పుడూ చివరికే వస్తుంది.

పెద్ద లెన్సుల విషయంలో నాది ఒకటే పద్ధతి. 70-200 ఎంఎం ఎఫ్/2.8 వంటి లెన్సును మొదట అద్దెకు తెస్తాను. ఒక సీజన్‌లో కట్టిన అద్దె దాని ధరలో మూడో వంతుకు చేరితేనే కొనడం గురించి ఆలోచిస్తాను. కిలోన్నర బరువుండే ఆ లెన్సు కొన్న మొదటి నెలలో మోసిన ఉత్సాహం తరువాత చాలామందికి మిగలదు. ధరల సంగతికి వస్తే, డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 2019 జనవరి నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గిన మాట నిజమే. అయినా బిల్లు లేకుండా ఇంకా తక్కువకు ఇస్తామనేవారు ఎప్పుడూ ఉంటారు. వారంటీ లేని సరుకుతో మిగిలేది రిపేరు ఖర్చే.

పరికరాల గురించి ఇంత రాసినా, నాకు అసైన్‌మెంట్ ఇచ్చిన ఏ సంపాదకుడూ, ఏ స్వచ్ఛంద సంస్థా నా దగ్గర ఏ కెమెరా ఉందని అడగలేదు. వారు అడిగేవి వేరు. తమిళనాడు నుంచో, ఢిల్లీ నుంచో ఫొటోగ్రాఫర్‌ను పంపితే ప్రయాణ ఖర్చులు ఎక్కువవుతాయి. ఇక్కడే ఉన్నవాడు, భాష తెలిసినవాడు, చెప్పిన రోజుకు ఫైళ్లు పంపేవాడు, ప్రతి ఫొటోకూ పేరు, ఊరు, తేదీ, సందర్భం రాసి ఇచ్చేవాడు వారికి కావాలి. ఈ చివరి పనిని మనవాళ్లు చాలామంది చిన్నచూపు చూస్తారు. వివరం లేని ఫొటో పత్రికకు ఉపయోగపడదు, పదేళ్ల తరువాత తీసినవాడికీ ఉపయోగపడదు.

నాకు మంచి పని తెచ్చిపెట్టింది గుంటూరు మిర్చి. ఆసియాలోకెల్లా పెద్దదిగా పేరున్న గుంటూరు మిర్చి యార్డులో జనవరి నుంచి ఏప్రిల్ దాకా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, గుట్టలుగా పడి ఉంటాయి. తేజ, సన్నం, బాడిగ రకాలు వేరువేరుగా అమ్ముడవుతుంటాయి. యార్డులోకి వెళ్లిన కొత్తవారెవరైనా ముందు దగ్గుతారు, తరువాతే కెమెరా తీస్తారు. అయితే ఆ టిక్కీలలోకి కాయ ఎలా చేరిందన్నది యార్డులో కనిపించదు. కర్నూలు జిల్లా పశ్చిమాన కోసిగి, ఆదోని, మంత్రాలయం ప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే మిరపకోతలకు గుంటూరు, పల్నాడు వైపు వలస వస్తాయి. చేల గట్ల మీద టార్పాలిన్ గుడారాలు వేసుకుని కోతలు అయ్యేదాకా అక్కడే ఉంటాయి. పిల్లల్ని బడి మాన్పించి వెంట తెచ్చుకుంటారు. నేను మొదట కల్లాల రంగు చూసి వెళ్లాను గానీ, తరువాతి సంవత్సరాలలో గుడారాల దగ్గరే ఎక్కువసేపు కూర్చున్నాను. తాలుకాయలు (రంగు పోయిన నాసిరకం కాయలు) ఏరే ఆడవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకునే తీరు, కారపు చేతులతో చంటిబిడ్డను ఎత్తుకోలేక మోచేతులతో ఎత్తుకునే తీరు, సాయంత్రం రాతి మీద చేతులు రుద్దుకునే తీరు, ఇవన్నీ ఒకసారి వెళ్లివచ్చినవారికి కనిపించేవి కావు. వలస పిల్లల చదువు మీద పనిచేసే ఒక సంస్థ ఆ ఫొటోలను, వాటి వెంట నేను రాసుకున్న వివరాలను చూసి తమ వార్షిక నివేదికకు పని అప్పగించింది. నా తొలి పెద్ద అసైన్‌మెంట్ అదే. ఆ ఫొటోల్లో చాలావరకు డి90తో తీసినవే. అన్నట్టు, కల్లంలో లెన్సు మార్చవద్దు. ఆ ఎర్ర ధూళి సెన్సరు మీద పడితే తుడిపించుకోవడానికి అయ్యే ఖర్చు ఆ రోజు కూలి కన్నా ఎక్కువ.

ఇక హక్కుల సంగతి. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోకు కర్త దాన్ని తీసిన వ్యక్తే. కర్తే మొదటి యజమాని అని పదిహేడో సెక్షన్ మొదలవుతుంది గానీ, వెంటనే మినహాయింపులు వస్తాయి. ఎవరైనా డబ్బిచ్చి అడిగి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చినవారే మొదటి యజమాని. అంటే పెళ్లి ఫొటోల మీద హక్కు పెళ్లివారిది. వారి అనుమతి లేకుండా మన ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవడం మన జన్మహక్కేమీ కాదు. అందుకే బయానా తీసుకునే కాగితం మీదే ఆ అనుమతి కూడా అడుగుతాను. కొందరు ఇస్తారు, కొందరు అమ్మాయి ఫొటోలు బయట పెట్టవద్దంటారు, దానికి కట్టుబడి ఉంటాను. సంస్థల పనికీ ఇదే సూత్రం. ముందుగా కాగితం మీద రాసుకోకపోతే, ఎండలో తిరిగి తీసిన ఫొటోలు మొత్తం వారివైపోతాయి.

రాసుకోవడమంటే ఏమిటో కూడా చట్టమే చెబుతుంది. పంతొమ్మిదో సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అని భావించాలి. నేను హక్కులు బదిలీ చేయకుండా, వాడుకోవడానికి అనుమతి మాత్రమే ఇస్తాను: ఫలానా నివేదికకు, ఫలానా వెబ్‌సైటుకు, ఇన్ని సంవత్సరాలకు అని. మొదట్లో ఈ మాట చెప్పడానికి నాకే బిడియంగా ఉండేది, పని చేజారిపోతుందేమోనని భయంగానూ ఉండేది. చెప్పిన తరువాత కొన్ని పనులు చేజారిన మాట వాస్తవం. కానీ మిగిలినవారు రెండో ఏడాది అదే ఫొటోను మళ్లీ వాడుకోవలసి వచ్చినప్పుడు మళ్లీ డబ్బిచ్చారు. 2012 సవరణ తరువాత ఫొటోకు కూడా కర్త జీవితకాలం, ఆపైన అరవై ఏళ్లు రక్షణ ఉంది. నేటి చిల్లర ఫీజుకు శాశ్వత హక్కులు రాసివ్వడమంటే ఆ కాలమంతటినీ రాసిచ్చినట్టే.

యాభై ఏడో సెక్షన్ మరొక సంగతి చెబుతుంది: హక్కులు అమ్ముకున్న తరువాత కూడా, ఇది నేను తీసినదే అని చెప్పుకునే హక్కు కర్తకు మిగిలే ఉంటుంది. నా మిరప కల్లం ఫొటో ఒకటి ఒక పత్రిక పేజీలో ‘ఫొటో: ఇంటర్నెట్’ అన్న పేరుతో అచ్చయింది. అది ఎవరి డబ్బుతోనో తీసినది కాదు, పూర్తిగా నాది. నా దగ్గరున్న రా ఫైలు (కెమెరాలో పడిన అసలు ఫైలు) వివరాలు, వాడుకకు బిల్లు, ఆ సెక్షన్ ప్రస్తావిస్తూ ఒక మర్యాదైన ఉత్తరం పంపాను. వారి కార్యాలయంలో ఫోన్ ఎత్తినాయన, “మీ ఫొటో పేపర్లో వచ్చింది కదండీ, సంతోషించాలి గానీ బిల్లేమిటి?” అన్నారు. కొంత కాలానికి వెబ్ పేజీలో పేరు పెట్టారు, అడిగినదానిలో సగం పంపారు. ఆ డబ్బు కన్నా పేరు పెట్టించుకోవడమే నాకు ముఖ్యమనిపించింది, ఎందుకంటే ఆ పేరు చూసి తరువాత ఇద్దరు ఫోన్ చేశారు.

డబ్బు ఆలస్యం కావడం ఈ వృత్తిలో మామూలే. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ పట్టిక) నమోదు ఉన్న చిన్న సేవాదారుకు చెల్లింపు నలభై అయిదు రోజులు దాటకూడదు. ఆ గడువు దాటితే ఆ ఖర్చును కంపెనీ చెల్లించిన సంవత్సరంలోనే చూపుకోవాలని ఆదాయపు పన్ను చట్టంలోనూ 2023-24 నుంచి నిబంధన వచ్చింది. నేను ఉద్యమ్‌లో పేరు నమోదు చేయించుకుని, ఆ నంబరును బిల్లు మీద అచ్చు వేయిస్తున్నాను. అప్పటి నుంచి కంపెనీల లెక్కల విభాగాలు కొంచెం త్వరపడుతున్నాయి. బిల్లులోంచి ముందే మినహాయించుకున్న పన్ను (టీడీఎస్) మన పాన్ కింద జమ అయిందో లేదో ఆదాయపు పన్ను శాఖ పట్టిక 26ఏఎస్‌లో చూసుకోవడం కూడా పనిలో భాగమే.

పేరు కోసం పడే తపన కొత్తదేమీ కాదు. ఇండోర్‌లో ప్రజాపనుల శాఖ కొలువు చేస్తూ 1874 ప్రాంతంలో కెమెరా పట్టిన లాలా దీన్‌దయాళ్, ఆ కొలువు వదిలి హైదరాబాదు చేరి, సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. నిజాం ఆయనకు ‘రాజా’ బిరుదిచ్చారు. స్టూడియో పేరు అట్టల మీద అచ్చయి ఉండబట్టే నేడు ఆ ఫొటోలు ఎవరివో మనం చెప్పగలుగుతున్నాము. దేశంలో తొలి మహిళా పత్రికా ఫొటోగ్రాఫర్‌గా పేరొందిన హోమాయ్ వ్యారావాలా పరిస్థితి అందుకు విరుద్ధం. ఆమె తొలినాటి ఫొటోలు భర్త మానెక్‌షా పేరుతో అచ్చయ్యాయి. 1970లో కెమెరా పక్కన పెట్టిన ఆమెకు పద్మవిభూషణ్ వచ్చింది 2011లో, తొంభై ఏడేళ్ల వయసులో. ఆ నడుమ చాలా ఏళ్లు ఆమె అనామకంగా గడిపారు.

నేటి గుర్తింపు మార్గం చాలామందికి సెలూన్లు, అంటే ఫొటోల పోటీ ప్రదర్శనలు. అమెరికాలో 1934లో మొదలైన పీఎస్ఏ (ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ అమెరికా), యూరప్‌లో పుట్టిన ఫియాప్ (ఫొటోగ్రఫీ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య) వంటి సంస్థల అండతో దేశదేశాల్లో పోటీలు జరుగుతాయి. రుసుము కట్టి ఫొటోలు పంపాలి, ఎంపికైన వాటి సంఖ్యను బట్టి పేరు వెనుక బిరుదును సూచించే అక్షరాలు వస్తాయి. నేనూ కొంతకాలం పంపాను, రిబ్బన్లూ అందుకున్నాను. కూర్పు, వెలుతురు నేర్చుకోవడానికి సెలూన్లు మంచి బడి అని ఒప్పుకుంటాను. కానీ అక్కడ నెగ్గే మిరప ఫొటో ఎలా ఉంటుందో చూడండి: పైనుంచి తీసిన ఎర్రని కల్లం, నడుమ పసుపు చీరలో ఒక స్త్రీ, చేతిలో చేట. ఆ చీర కట్టించినది ఫొటోగ్రాఫర్ల బృందమే, కూలి ఇచ్చి చేట ఎగరేయించినదీ వారే. ఒకే కల్లం, ఒకే స్త్రీ, పదిమంది ఫొటోగ్రాఫర్ల పేర్లతో పది దేశాలకు వెళ్తుంది. ఆమె పేరు మాత్రం ఎక్కడా ఉండదు. తన పేరు వెనుక అక్షరాల కోసం ఇంత శ్రమపడేవారు, ఫొటోలోని మనిషి పేరు అడగడానికి ఒక్క నిమిషం వెచ్చించకపోవడం నాకు మింగుడుపడదు.

రుసుము లేని పెద్ద పోటీలూ ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్ కేంద్రంగా 1955 నుంచి నడుస్తున్న వరల్డ్ ప్రెస్ ఫొటోకు ప్రవేశ రుసుము లేదు. చివరి వడపోతకు చేరినవారి నుంచి అసలు ఫైళ్లు తెప్పించుకుని మార్పుచేర్పులు జరిగాయేమో చూస్తారు. 1984 భోపాల్ విషవాయు ప్రమాదంలో చనిపోయిన పసిబిడ్డను పూడ్చిపెడుతున్న ఫొటోకు ఆ ఏటి అత్యున్నత పురస్కారం అందుకున్న పాబ్లో బార్తొలొమ్యూ మనవాడే. మనకు దగ్గరలోనే హైదరాబాదు మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో 2015 నుంచి ఇండియన్ ఫొటోగ్రఫీ ఫెస్టివల్ జరుగుతోంది. అక్కడ గోడల మీది ప్రింట్ల ముందు నిలబడి, ఒకే విషయాన్ని ఒక మనిషి ఏళ్ల తరబడి ఎలా పట్టుకున్నాడో చూడడం నాకు రిబ్బన్ల కన్నా ఎక్కువ నేర్పింది. ప్రపంచ ఫొటోగ్రఫీ దినమైన ఆగస్టు 19న మన పట్టణాల్లో ఫొటోగ్రాఫర్ల సంఘాలు ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకరైన డాగ్యురే చిత్రపటానికి పూలమాల వేసి, సీనియర్లకు శాలువా కప్పుతాయి. నాకు ఆ సభలంటే ఇష్టమే, ఎవరి దగ్గర ఏ లెన్సు అమ్మకానికి ఉందో అక్కడే తెలుస్తుంది.

ఓరుగల్లు భరత్ భూషణ్ తెలంగాణ పల్లె బతుకును, పాత ఇళ్లను, తలుపులను, బతుకమ్మను దశాబ్దాలపాటు వదలకుండా తీశారు. 2022లో ఆయన కన్నుమూసినప్పుడు, ఆయన పేరు తెలియనివారు కూడా ఆ ఫొటోలను చూసి గుర్తుపట్టారు. అటువంటి గుర్తింపును పోటీలకు పంపి తెచ్చుకోలేము. నా మిరప ఫొటోలు అంతటివని నేను అనడం లేదు. కానీ ఈ సీజన్ మిగులుతో మిర్రర్‌లెస్ బాడీ కొనే ఆలోచన మానుకుని, ఆ ఫొటోలను మంచి కాగితం మీద ప్రింట్ చేయిస్తున్నాను. ప్రతి ప్రింటు వెనుక మనిషి పేరు, ఊరు, ఆ ఏటి కూలి రేటు రాస్తున్నాను. పేరు వద్దన్నవారి పేర్లు వదిలేశాను.

ప్రస్తుతం నా బల్ల మీద ఒక కొత్త సంస్థ పంపిన ఒప్పందపత్రం ఉంది. అందులో ‘సమస్త హక్కులూ శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని రాసి ఉన్న చోట గీత కొట్టి, ‘వార్షిక నివేదికకు, వెబ్‌సైటుకు, రెండేళ్లపాటు, ఫొటోగ్రాఫర్ పేరుతో’ అని రాసి నిన్ననే తిరిగి పంపాను. ఫీజు తగ్గిస్తామని అంటారేమో తెలియదు. కొంత తగ్గించినా ఒప్పుకుంటాను, ‘శాశ్వతంగా’ అన్న మాట ఉంటే మాత్రం ఒప్పుకోను. వారి జవాబు వచ్చేలోగా రెండు పెళ్లిళ్ల ఆల్బమ్‌లు డిజైన్‌కు పంపవలసి ఉంది.